రోజూ నడిపే కారుకు స్ట్రోకర్ ఇంజిన్: ఏ భాగానికి ఏది జోడీ

స్ట్రోకర్ అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని, అంటే స్ట్రోక్‌ను, పెంచి పరిమాణం పెంచిన ఇంజిన్. అది కట్టాలన్న ఆలోచన రాగానే అందరూ ముందుగా వెతికేది, పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్. పేరే స్ట్రోకర్ కాబట్టి అది సహజమే. అయినా క్రాంకుతో మొదలుపెట్టి కట్టిన ఇంజిన్లు స్టాండు మీద ఘనంగా కనిపించి, రోడ్డు మీదికి వచ్చాక విసిగించడం నేను చాలాసార్లు చూశాను. ముందు తేల్చుకోవలసినవి రెండు. ఈ కారు ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎం దగ్గర నడుస్తుంది? ట్యాంకులో ఏ పెట్రోలు పోస్తాం? ఈ రెండిటినీ బట్టి కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కాలన్నది, తేలుతుంది. దాన్నిబట్టి పిస్టన్, పిస్టన్‌ను బట్టి దాన్ని క్రాంకుకు కలిపే రాడ్డు, ఆ తర్వాతే క్రాంకు. నేను సలహా ఇచ్చేది ఈ వరసలోనే.

ఉదాహరణకు చాలామందికి తెలిసిన షెవర్లే వి8 ఇంజిన్ స్మాల్ బ్లాక్ 350ని తీసుకుందాం (పేరులోని అంకె ఘనపు అంగుళాల్లో దాని పరిమాణం). దాని బోరు (సిలిండర్ వ్యాసం) 4.000 అంగుళాలు, స్ట్రోక్ 3.480. అదే కుటుంబంలో 1970లో వచ్చిన 400 ఇంజిన్ స్ట్రోక్ 3.750. పాతతరం మెకానిక్కులు ఆ 400 క్రాంకును తెచ్చి, మెయిన్ జర్నళ్లను (క్రాంకు బ్లాకు బేరింగుల్లో తిరిగే భాగాలను) 2.65 అంగుళాల నుంచి 2.45కు గ్రైండింగ్ చేసి 350 బ్లాకులో కూర్చోబెట్టారు. అరిగిన సిలిండర్లను 0.030 అంగుళాలు పెంచి బోరు చేస్తే 4.030 అవుతుంది. బోరు వర్గాన్ని 0.7854తోనూ, స్ట్రోక్‌తోనూ, సిలిండర్ల సంఖ్య ఎనిమిదితోనూ గుణించండి: 382.7 ఘనపు అంగుళాలు. 383 అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. ఇప్పుడు 350 బ్లాకుకే సరిపోయే 3.750 క్రాంకులు సిద్ధంగా దొరుకుతున్నాయి కాబట్టి ఆ గ్రైండింగ్ అవసరం లేదు. అదే బ్లాకును అంతే బోరు చేసి పాత స్ట్రోకే ఉంచితే 355 వస్తుంది. అంటే స్ట్రోక్ తెచ్చిపెట్టేది 28 ఘనపు అంగుళాలు, సుమారు 8 శాతం.

అసలు స్ట్రోకర్ అవసరమా?

8 శాతం కోసం ఇంజిన్ మొత్తం విప్పాలా అన్నది న్యాయమైన సందేహం. ఇంజిన్ ఆరోగ్యంగా ఉండి, పొగ రాకుండా, ఆయిల్ ప్రెషర్ సరిగా ఉంటే విప్పవద్దనే చెబుతాను. ఆ డబ్బుతో మంచి హెడ్లు (సిలిండర్ల మీద వాల్వులు ఉండే మూతలు), తగిన క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేస్తే తేడా అంతకంటే ఎక్కువగా తెలుస్తుంది. కానీ ఇంజిన్ ఎలాగూ రిబోరుకు వచ్చి ఉంటే లెక్క మారిపోతుంది. పిస్టన్లు కొత్తవి ఎలాగూ కొనాలి. పాత రాడ్లను సరిచేసి బోల్టులు మార్చాలి. పాత క్రాంకును గ్రైండింగ్ చేయించాలి. బోరింగ్, హోనింగ్ (సిలిండర్ గోడకు చివరి నునుపు పని) రెండు దారుల్లోనూ ఒకటే. ఆ పరిస్థితిలో 355కూ 383కూ మధ్య మిగిలే ఖర్చు తేడా చాలా తక్కువ. అప్పుడు 355 కట్టడానికి నాకు కారణం కనిపించదు.

టర్బో లేదా సూపర్‌చార్జర్ మూడో దారి. ఒట్టి బలమే కావాలంటే అదే ముందుంటుంది. కానీ వేడి, పైపులు, ట్యూనింగ్, ఇంధన సరఫరా అన్నీ దానితోపాటు వస్తాయి. స్ట్రోకర్ ఇచ్చేది మరో రకం సుఖం. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, నాలుగో గేరులో 2000 దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు ఆనించినప్పుడు వెంటనే అందే టార్క్ అది. రోడ్డు మీద కారు తన జీవితంలో అధికభాగం గడిపేది 1500కూ 4000కూ మధ్యనే. ఆ మధ్యభాగాన్ని నింపడానికి స్ట్రోక్ కంటే నేరైన ఉపాయం లేదు.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. స్ట్రోక్ పెరిగితే అదే ఆర్‌పీఎంకు పిస్టన్ ఎక్కువ దూరం పరుగెత్తాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర 3.480 స్ట్రోక్‌తో పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.7 మీటర్లు, 3.750తో 19 మీటర్లు. మంచి భాగాలకు ఇది ప్రమాదకరమైన వేగం కాదు. అయితే రాడ్డు బోల్టు మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆఖరి 500 ఆర్‌పీఎం చాలా ఖరీదైనది. రోడ్డు కారుకు 6000 దగ్గర గీత గీసుకుంటే భాగాల ఎంపిక సులువవుతుంది.

కంప్రెషన్: తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే

350కి పనికొచ్చిన హెడ్లు, పిస్టన్ తల ఆకారం అవే ఉంచి స్ట్రోక్ ఒక్కటే పెంచితే కంప్రెషన్ తనంతట తాను పెరుగుతుంది. కాగితం మీద వేసి చూద్దాం. హెడ్‌లో మిశ్రమం మండే గుంట, అంటే చాంబర్, 64 సీసీ. చదునుగా ఉండి వాల్వుల కోసం గాట్లు మాత్రమే ఉన్న పిస్టన్‌లో ఆ గాట్ల ఖాళీ 5 సీసీ. నలిగాక 0.039 అంగుళాల మందం, 4.100 బోరు ఉన్న గ్యాస్కెట్ 8.4 సీసీ. పిస్టన్ డెక్ (బ్లాకు పైతలం) కంటే 0.005 అంగుళాలు కిందికి ఆగితే ఆ సందు సుమారు 1 సీసీ. మొత్తం 78.5 సీసీ. 355లో ఒక్కో సిలిండర్ 727 సీసీ కాబట్టి నిష్పత్తి 10.3. 383లో సిలిండర్ 784 సీసీ కాబట్టి నిష్పత్తి 11 దగ్గరికి వెళ్తుంది. ఒక్క భాగం కూడా మారలేదు, స్ట్రోక్ తప్ప.

బంకులో దొరికే మామూలు పెట్రోలుతో, ఇనుప హెడ్లతో 11 నిష్పత్తి నడపడం అంటే డిటొనేషన్‌ను (మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను పేలడాన్ని) పిలిచి పీట వేయడమే. ఎండలో, ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్లు కదిలినట్టు వినిపించే ఆ శబ్దం పిస్టన్ రింగుల మధ్య గట్టును విరిచేస్తుంది. నేను రోడ్డు కారుకు ఇనుప హెడ్లతో 9.5 దగ్గర, అల్యూమినియం హెడ్లతో 10.2 దగ్గర ఆగుతాను. అల్యూమినియం చాంబరు వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి ఆ వెసులుబాటు. పై లెక్కలోనే పిస్టన్ తలలో 5 సీసీ బదులు 12 సీసీ గుంట ఉంటే నిష్పత్తి 10.2, 18 సీసీ ఉంటే 9.6. పాత 76 సీసీ చాంబరు హెడ్లు వాడేవారికి మాత్రం చదును పిస్టనే సరిపోతుంది. దానితో 9.7 వస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. గుంట పిస్టన్లలో రెండు రకాలు: గిన్నెలా గుండ్రంగా లోతైనది ఒకటి, హెడ్ చాంబరుకు ఎదురుగా మాత్రమే డి ఆకారంలో తొలిచినది మరొకటి. రెండోదే కొనండి. చాంబరు లేని వైపు హెడ్‌కు ఎదురుగా పిస్టన్ తల చదునుగా ఉంటే, పైకి వచ్చే ప్రతిసారీ అక్కడి మిశ్రమాన్ని చాంబరులోకి చిమ్ముతుంది. మంట త్వరగా, సమంగా పాకుతుంది, డిటొనేషన్ తగ్గుతుంది. ఆ సందు, అంటే డెక్ సందూ గ్యాస్కెట్ మందమూ కలిపి, ఉక్కు రాడ్లతో 0.035 నుంచి 0.045 అంగుళాల మధ్య ఉండాలి. పై లెక్కలో అది 0.044. కంప్రెషన్ తగ్గించడానికి మందపాటి గ్యాస్కెట్ వేయమని ఎవరైనా చెబితే వినకండి. సందు పెరిగితే నిష్పత్తి తగ్గినా డిటొనేషన్ తగ్గకపోవచ్చు. తగ్గించవలసింది పిస్టన్ గుంటలోనే.

పిస్టన్ లోహం

పోత, హైపర్‌యూటెక్టిక్, ఫోర్జ్‌డ్ (లోహాన్ని అచ్చులో నొక్కి చేసినది) అని మూడు తరగతులు. మామూలు పోత పిస్టన్‌ను స్ట్రోకర్‌లో పరిగణించనవసరం లేదు. హైపర్‌యూటెక్టిక్ అంటే సిలికాన్ ఎక్కువగా కలిపిన పోత. గట్టిది, వేడికి తక్కువగా వ్యాకోచిస్తుంది, అరుగుదల తక్కువ. 400 హార్స్‌పవర్ లోపు, టర్బో లేకుండా, నైట్రస్ (అదనపు బలం కోసం చిమ్మే నైట్రస్ ఆక్సైడ్ వాయువు) ఆలోచన లేకుండా నడిపే ఇంజిన్‌కు అది చాలు. దాని బలహీనత పెళుసుదనం. డిటొనేషన్ వస్తే వంగదు, నలగదు, ముక్కలవుతుంది.

ఫోర్జ్‌డ్‌లో మళ్లీ రెండు మిశ్రమాలు. 4032లో సిలికాన్ 12 శాతం దగ్గర ఉంటుంది. 2618లో దాదాపు ఉండదు. సిలికాన్ తక్కువైతే లోహం సాగే గుణం పెరుగుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, కానీ వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అందుకని 2618 పిస్టన్‌కు సిలిండర్‌లో సందు ఎక్కువ వదలాలి. చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు ఆ సందులో పిస్టన్ గోడకు కొట్టుకునే టకటక కాసేపు వినిపిస్తుంది. వేడెక్కాక పోతుంది. రోజూ నాలుగైదుసార్లు చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసే కారులో ఆ కొట్టుకోవడం పిస్టన్ కింది భాగమైన స్కర్టునూ గోడనూ నెమ్మదిగా అరగదీస్తుంది. కాబట్టి గాలిని తనంతట తాను పీల్చుకునే రోడ్డు ఇంజిన్‌కు నా ఎంపిక 4032. టర్బో గానీ నైట్రస్ గానీ ఖాయమైతే 2618.

రింగుల గురించి ఒక్క మాట. పై రింగు కొసల మధ్య సందు, టర్బో లేని ఇంజిన్‌లో బోరు ప్రతి అంగుళానికి 0.0045 చొప్పున 4.030కి 0.018 అంగుళాలు వస్తుంది. పిస్టన్ తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే ఆ కాగితమే ప్రమాణం. హైపర్‌యూటెక్టిక్‌లో అది తరచుగా ఎక్కువ ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా పాత అలవాటుతో సందు వదిలితే వేడికి రింగు కొసలు కలిసి పిస్టన్ పై గట్టును ఊడబెరుకుతాయి.

రాడ్డు పొడవు, రాడ్డు ఆకారం

383కి 5.7 అంగుళాల రాడ్డా, 6.0 రాడ్డా అన్న వాదన ఎంతకాలం సాగినా తెగదు. 5.7కు రాడ్డు, స్ట్రోక్ నిష్పత్తి 1.52. 6.0కు 1.60. మూలమైన 350లో 1.64. పొడవైన రాడ్డు పిస్టన్‌ను పక్కకు తోసే బలాన్ని కాస్త తగ్గిస్తుంది, పిస్టన్ తేలికవుతుంది. హార్స్‌పవర్‌లో తేడా చెప్పుకోదగ్గది కాదు. అసలు తేడా పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను ఎక్కడ ఉంటుందన్న దానిలో ఉంది. బ్లాకు డెక్ ఎత్తు (క్రాంకు మధ్యనుంచి డెక్ వరకు) 9.025 అంగుళాలు. అందులోంచి సగం స్ట్రోకును, రాడ్డు పొడవును తీసేస్తే మిగిలేది పిన్ను మధ్యనుంచి పిస్టన్ తల వరకు ఉండవలసిన ఎత్తు. 5.7 రాడ్డుతో అది 1.45 దగ్గర, 6.0తో 1.15 దగ్గర. రెండోదానిలో పిన్ను పైకి జరుగుతుంది, రింగులకు చోటు ఇరుకవుతుంది. 383లో ఆ ఇరుకు ఇంకా భరించదగిందే, పిన్ను ఆయిల్ రింగు గాడిలోకి చొరబడదు. కాబట్టి రెండూ పనిచేస్తాయి. కొత్తగా మొత్తం సెట్టు కొంటుంటే 6.0 తీసుకోండి, పిస్టన్లలో ఎంపిక ఎక్కువ, బ్యాలెన్స్ సులువు. ఇప్పటికే మంచి 5.7 రాడ్లు చేతిలో ఉంటే వాటిని పారేయనక్కర్లేదు.

ఫోర్డ్ 302లో ఇదే ప్రశ్న మరింత పదునుగా ఎదురవుతుంది. దాని డెక్ ఎత్తు 8.2 అంగుళాలే. 3.250 స్ట్రోక్‌తో 331, 3.400తో 347 కట్టవచ్చు. 347లో 5.4 రాడ్డు వేస్తే పిన్ను ఎత్తుకు 1.090 మాత్రమే మిగులుతుంది. పిన్ను రంధ్రం ఆయిల్ రింగు గాడిని కోస్తుంది, కింద ఆసరాగా ఒక సన్నని పట్టీ వేయాలి. ఆ అమరిక బాగానే పనిచేస్తుందని చెప్పేవారున్నారు, నిజమే. 5.315 రాడ్డు వాడి పిన్నును కిందికి దించే దారి కూడా ఉంది. అయినా లక్ష కిలోమీటర్లు నడపాలన్న ఆశతో కడుతున్న కారుకు నేను 331నే ఎంచుకుంటాను. వదులుకునేది 16 ఘనపు అంగుళాలు. మిగుల్చుకునేది రింగులకు చోటు, పిస్టన్‌కు నిలకడ. ఇంకో సంగతి, ఆ కాలపు 302 బ్లాకు పల్చనిది. 500 హార్స్‌పవర్ దాటితే నిలువునా చీలిన బ్లాకుల కథలు కొల్లలు. క్రాంకు ఎంత గొప్పదైనా బ్లాకును కాపాడదు.

రాడ్డు ఆకారంలో ఐ బీమ్, హెచ్ బీమ్ అన్న పేర్లు చూసి మొగ్గు చూపకండి. మంచి 4340 ఉక్కుతో చేసిన ఐ బీమ్, నాసిరకం హెచ్ బీమ్ కంటే ఎంతో మేలు. పైగా చాలా ఐ బీమ్‌లు భుజాల దగ్గర సన్నగా ఉండి క్యామ్‌కు, బ్లాకు అంచుకు తగలవు. బోల్టు నాణ్యతకు మాత్రం రాజీ పడకూడదు. రాడ్డు తెగిపోయిన ఇంజిన్లలో మొదట లొంగేది తరచుగా బోల్టే. 8740 ఉక్కు బోల్టులు రోడ్డు ఇంజిన్‌కు చాలు. ఒక మెట్టు పైనున్నవి దొరికితే తీసుకోండి. బిగించేటప్పుడు టార్క్ రెంచి మీద కాకుండా బోల్టు ఎంత సాగిందో కొలిచే గేజి మీద ఆధారపడితే మంచిది. మరకు రాసిన నూనెను బట్టి కూడా రెంచి చూపే అంకె మారిపోతుంది.

క్రాంకు

ఇప్పుడు క్రాంకు. పోత ఇనుము, పోత ఉక్కు, ఫోర్జ్‌డ్ ఉక్కు, నిండు ఉక్కు దిమ్మెను చెక్కి చేసినది, ఇలా మెట్లు ఉన్నాయి. చివరిది రోడ్డు కారుకు అనవసరం. 400, 450 హార్స్‌పవర్ దాకా, 6000 లోపు, టర్బో లేకుండా నడిపే ఇంజిన్‌కు మంచి పోత ఉక్కు క్రాంకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఆ గీత దాటే ఉద్దేశం ఉంటే, లేదా రేపు నైట్రస్ పెడతానేమో అన్న అనుమానం ఉంటే, 4340 ఫోర్జ్‌డ్‌కు వెళ్లండి. డబ్బు పరిమితమైనప్పుడు ఫోర్జ్‌డ్ క్రాంకు కోసం హెడ్లను వదులుకోవడం నాకు నచ్చని బేరం. క్రాంకు ఒక్క హార్స్‌పవర్ కూడా పుట్టించదు. గాలిని లోపలికి తెచ్చేది హెడ్.

ఏ క్రాంకైనా సరే, పెట్టె మీది అంకెల్ని నమ్మకుండా జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిపించండి. బేరింగు సందు జర్నల్ వ్యాసంలో అంగుళానికి ఒక వెయ్యో వంతు చొప్పున ఉండాలి. 2.100 రాడ్డు జర్నల్‌కు 0.0021, 2.450 మెయిన్ జర్నల్‌కు 0.0025 దగ్గర. కొత్త క్రాంకులో కూడా ఒక జర్నల్ మిగతావాటికంటే అర వెయ్యో వంతు లావుగా ఉండడం నేను చూశాను.

బ్లాకుకు సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. షెవర్లే స్మాల్ బ్లాక్‌లో 1986 నుంచి వెనుక మెయిన్ సీలు (క్రాంకు వెనుక ఆయిల్ కారకుండా ఆపేది) ఒకే ముక్కగా మారింది. అంతకుముందు రెండు ముక్కలు. ఒకదాని క్రాంకు రెండోదానికి నేరుగా కూర్చోదు. షెవర్లే తర్వాతి తరం వి8లైన ఎల్ఎస్ కుటుంబంలో అయితే క్రాంకు మీద సెన్సార్ చదివే పళ్ల చక్రం 24 పళ్లదా, 58 పళ్లదా అన్నది కంప్యూటర్‌తో కలవాలి. అదే కుటుంబంలో అల్యూమినియం ఎల్ఎస్1 బ్లాకులో సిలిండర్ గోడలుగా ఉండే లోపలి గొట్టాలు పల్చనివి. 0.030 బోరు చేసే మాటే లేదు, కొన్ని వెయ్యో వంతులు హోనింగ్ చేయవచ్చు, అంతే. 4.000 స్ట్రోక్ వేస్తే పిస్టన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు గొట్టంలోంచి కొంత బయటికి వస్తుంది. 6.0 లీటర్ల ఇనుప బ్లాకులో ఆ చింత తక్కువ. 4.030 బోరు, 4.000 స్ట్రోక్‌తో 408 వస్తుంది. బరువు పట్టించుకోనివారికి రోడ్డు కోసం ఇంతకంటే మంచి పునాది అరుదు.

చిన్న టర్బో ఇంజిన్లలో లెక్క కాస్త వేరు. మిత్సుబిషి 4జీ63 బోరు 85 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88, పరిమాణం 1997 సీసీ. 4జీ64 నుంచి వచ్చే 100 మిల్లీమీటర్ల క్రాంకు వేస్తే 2270 సీసీ. టర్బో త్వరగా మేలుకుంటుంది, ఊళ్లో నడపడం హాయి. కానీ 8000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 23.5 నుంచి 26.7 మీటర్లకు ఎగబాకుతుంది. పైదాకా తిప్పడంలోనే ఆనందం ఉన్నవారు పాత స్ట్రోకే ఉంచుకోవడం మేలు.

బ్యాలెన్స్: నేను దెబ్బతిన్న చోటు

క్రాంకు బరువును సరిచేసే పద్ధతులు రెండు. అవసరమైన బరువంతా క్రాంకు రెక్కల్లోనే ఉంటే అంతర్గత బ్యాలెన్స్. కొంత బరువును క్రాంకు ముందు కొసనున్న డ్యాంపరులో (వణుకును తగ్గించే చక్రంలో), వెనుక కొసనున్న ఫ్లైవీల్‌లో ఉంచితే బాహ్య బ్యాలెన్స్. మూలమైన 400 క్రాంకు బాహ్యం, 1985 వరకు వచ్చిన 350ది అంతర్గతం. ఇప్పుడు అమ్మే 383 క్రాంకులు రెండు రకాలుగానూ వస్తాయి.

నా మొదటి 383లో క్రాంకు అంతర్గతమని అమ్మినవారు చెప్పారు, నేను నమ్మాను. బ్యాలెన్స్ చేయించకుండానే 350 పాత డ్యాంపరు వేసి బిగించాను. 2000 దాకా బాగానే ఉంది. 2800 దాటగానే లోపలి అద్దంలో వెనుక కార్ల దీపాలు గీతలుగా సాగిపోయాయి. గేరు లీవరు అరచేతిలో జుమ్మని వణికింది. వెంటనే ఆపి ఇంజిన్ దించాను. మెయిన్ బేరింగులు అప్పటికే ఒకవైపు మెరుస్తున్నాయి. ఆ క్రాంకు బాహ్య బ్యాలెన్స్‌ది. తప్పు చెప్పినవారిదీ ఉంది, యంత్రం మీద పెట్టించకుండా బిగించిన నాదీ ఉంది. అప్పటినుంచి క్రాంకు, ఒక రాడ్డు, పిస్టన్, పిన్ను, రింగులు, బేరింగు, డ్యాంపరు, ఫ్లైవీల్, అన్నీ తీసుకెళ్లి తూకం వేయించి, నా ఎదుటే తిప్పించి చూడకుండా ఏ ఇంజిన్ కట్టలేదు. ఫోర్డ్ 302 వారికి ఇంకో జాగ్రత్త: 1981 వరకు బాహ్య బరువు 28 ఔన్సు అంగుళాలు, 1982 నుంచి 50. డ్యాంపరు, ఫ్లైవీల్, క్రాంకు మూడూ ఒకే అంకెవి కావాలి. ఎంచుకునే వీలుంటే నా ఓటు అంతర్గత బ్యాలెన్స్‌కే. రేపు క్లచ్చి పాడై ఫ్లైవీల్ మార్చవలసి వస్తే మళ్లీ తూకం బెంగ ఉండదు.

తగిలేచోట్లు

పొడవైన స్ట్రోక్ అంటే రాడ్డు పెద్ద తల పెద్ద వలయంలో తిరుగుతుంది. 350 బ్లాకులో అది మూడు చోట్ల ఇబ్బంది పెడుతుంది: ఆయిల్ సంపు బిగించే అంచు దగ్గర, కొన్ని సిలిండర్లలో క్యామ్ లోబుల (వాల్వులను తోసే ఉబ్బుల) దగ్గర, సంపు లోపల. ఇది కళ్లతో చూసి తేల్చేది కాదు. బ్లాకు కడగకముందే ఉత్తుత్తిగా జోడించి చూడాలి. మెయిన్లు బిగించి, రింగులు లేని ఒక పిస్టన్‌ను రాడ్డుతో దించి, క్యామ్‌నూ టైమింగ్ గొలుసునూ నిజంగా వాడబోయేవే వేసి, పొడుగు పిడి రెంచితో క్రాంకును మెల్లగా తిప్పుతాను. రెండో చేతిలో 1.5 మిల్లీమీటర్ల తీగ ముక్క. రాడ్డు బోల్టు తల క్యామ్ లోబును దాటే చోట తీగ దూరాలి. దూరకపోతే గుర్తు పెట్టి తర్వాతి సిలిండర్‌కు వెళ్తాను. ఎనిమిదీ చూడాలి, ఒక్కదానితో ఆపకూడదు. క్యామ్ ఒక్కో సిలిండర్ దగ్గర ఒక్కో కోణంలో ఉంటుంది కదా. బ్లాకు అంచులో తగిలితే గ్రైండరుతో కొద్దికొద్దిగా తీయాలి. దాని వెనుకే కొన్నిచోట్ల నీళ్ల దారి ఉంటుంది, ఆత్రపడకూడదు. క్యామ్‌కు తగిలితే క్యామ్‌ను అరగదీయరు. భుజం చెక్కిన స్ట్రోకర్ రాడ్లో, లోబు మూలవృత్తం చిన్నగా ఉన్న క్యామో వాడాలి.

హెడ్లు, క్యామ్

ఒకే క్యామ్, ఒకే హెడ్లు 355లో 6000 దగ్గర శిఖరాన్ని ఇస్తే, 383లో ఆ శిఖరం సుమారు 5500కు దిగివస్తుంది. సిలిండర్ పెద్దదైనా గాలి దారి అంతే ఉంది కాబట్టి. దీన్ని కొందరు లోపమంటారు. రోడ్డు కారుకు అదే వరం. 350లో గరుకుగా తోచే క్యామ్ 383లో సాధువవుతుంది. 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే నిడివి) 218 నుంచి 230 డిగ్రీలు, లోబుల మధ్య కోణం 110 నుంచి 112 ఉన్న హైడ్రాలిక్ రోలర్ క్యామ్ వేస్తే ఐడిల్ ఒద్దికగా ఉంటుంది, బ్రేకుల బూస్టరుకు వాక్యూమ్ మిగులుతుంది. అంతకు మించితే ఆటోమేటిక్ గేరుబాక్సు టార్క్ కన్వర్టరు కూడా మార్చవలసి వస్తుంది.

క్యామ్ లోబు మీద ఆనే లిఫ్టరు చక్రంతో దొర్లే రోలరా, చదునుగా రాసుకునే ఫ్లాట్ టాపెట్టా అన్నదానికి బ్లాకే చాలావరకు జవాబు చెబుతుంది. 1987 తర్వాతి చాలా 350 బ్లాకుల్లో ఫ్యాక్టరీ రోలర్ లిఫ్టర్లకు ఏర్పాటు ఉంది. పాత బ్లాకులో ఫ్లాట్ టాపెట్ చౌక. కానీ మొదటి స్టార్టు కాగానే ఐడిల్‌కు వదలకుండా ఇరవై నిమిషాలపాటు 2000కు పైనే తిప్పాలి, జింకు ఉన్న ఆయిల్ పోయాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క లోబు అరిగినా ఇనుప రజను కొత్త బేరింగులన్నిటికీ చేరుతుంది. అంత శ్రమపడి కట్టిన ఇంజిన్‌ను ఆ జూదంలో పెట్టడం నాకిష్టం లేదు.

హెడ్లలో 195 సీసీ ఇన్‌టేక్ దారి ఉన్నవి 383కి కుదురుగా సరిపోతాయి. 180 అయితే కింది ఆర్‌పీఎంలో ఇంకా చురుకు, పైన ఊపిరాడదు. 220 దాటినవి పోటీ కార్లకు. కార్బురేటరు లెక్క: 383ని 6000తో గుణించి 3456తో భాగిస్తే 665. సిలిండర్ నిండే సామర్థ్యం 90 శాతం అనుకుంటే నిమిషానికి 600 ఘనపు అడుగులు. 650 గానీ 700 గానీ చాలు.

ఆయిల్ పంపు విషయంలో పెద్దది మంచిదన్న నమ్మకం ఉంది. బేరింగు సందులు సరిగా ఉంటే మామూలు పరిమాణం పంపే ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ ఇస్తుంది, అంతకన్నా అవసరం లేదు. రేడియేటర్ మాత్రం ఒక పరిమాణం పెద్దది వేయండి. గేరుబాక్సు, వెనుక యాక్సిల్ ఆ టార్క్‌కు నిలుస్తాయా అన్నది ఇంజిన్‌కు డబ్బు పెట్టకముందే అడగాలి.

సెట్టుగానా, విడివిడిగానా?

మొదటిసారి కట్టేవారికి క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కలిపి ఇచ్చే సెట్టే మేలు. పిన్ను ఎత్తూ రాడ్డు పొడవూ కలవని పొరపాటు దానివల్ల తప్పుతుంది. సెట్టు కొనేటప్పుడు పిస్టన్ గుంట ఎన్ని సీసీలు, బ్యాలెన్స్ ఏ రకం, వెనుక సీలు ఏది, రింగులు ఏ లోహం అన్నవి కాగితం మీద రాయించుకోండి. బ్యాలెన్స్ చేసే పంపామని రాసినా మళ్లీ యంత్రం మీద పెట్టించండి.

ఏది కొన్నా, బ్లాకు పరీక్ష అయ్యేదాకా పిస్టన్లు కొనకండి. పగుళ్లు చూపించాలి, సిలిండర్ గోడ మందాన్ని శబ్ద తరంగాలతో కొలిపించాలి. 0.030 బోరుతో గోడ శుభ్రపడుతుందా, 0.040 కావాలా అన్నది అప్పుడే తెలుస్తుంది. హోనింగ్ చేసేటప్పుడు హెడ్ బిగించినట్టే ఒత్తిడి పెట్టే మందపాటి పలకను బ్లాకు మీద బిగించి చేసేవారినే వెతకండి. బోల్టులు బిగించాక సిలిండర్ ఆకారం కొద్దిగా మారుతుంది, గుండ్రదనం ఆ మారిన స్థితిలోనే ఉండాలి. బ్లాకు తిరిగి వచ్చాక క్రాంకు కూర్చోబెట్టి, నాలుగు మూలల పిస్టన్లు దించి, డయల్ గేజితో డెక్ సందు కొలవండి. ఒక మూల 0.004, ఇంకో మూల 0.011 ఉంటే డెక్‌ను సమం చేయించడానికి తిరిగి పంపాలి. నాలుగూ కలిసిన తర్వాత, ఆ అంకె చేతిలో పట్టుకుని హెడ్ గ్యాస్కెట్ కొనడానికి వెళ్లండి.